కళాశాలా సాకర్, యువ జాతీయ జట్లు: ఒక సమీక్ష

ఐరోపాయందు గాని దక్షిణ అమెరికాయందు గాని పదునెనిమిదేండ్ల సాకర్ ఆటగానిని వెదకవలసిన చోటు ఒక్కటే. అతడు ఏదో ఒక వృత్తి క్లబ్బులో జీతము పుచ్చుకొనుచునో, దాని శిక్షణాలయములో పెరుగుచునో ఉండును గనుక, ఇరువదేండ్లలోపువారి జాతీయ జట్టును కూర్చువాడు కొన్ని పదుల క్లబ్బుల మైదానములను చుట్టివచ్చినచో అతని పని చాలవరకు ముగియును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ పని ఇంత సులువుగా ఎన్నడును లేదు. అచట ఆ ఈడువాడు ఆటలో ఎంత నేర్పరియైనను విశ్వవిద్యాలయమున చేరుట చిరకాలము సంప్రదాయమై నిలిచినది. జాతీయ కళాశాలా క్రీడాసంఘమగు ఎన్.సి.ఎ.ఎ. మొదటి శ్రేణిలోనే పురుషుల జట్లను నడుపు విద్యాసంస్థలు రెండువందలకు పైగాను, స్త్రీల జట్లను నడుపునవి మూడువందలకు పైగాను ఒక సముద్రతీరము నుండి మరియొక సముద్రతీరము వరకు చెదరియున్నవి. రెండవ మూడవ శ్రేణుల కళాశాలలు వీనికి అదనము. ఆగస్టు చివర మొదలై డిసెంబరు నడిమికి ముగిసిపోవు స్వల్పకాలములో, ఇన్ని మైదానములపై ఆడు ఇన్నివేలమందిలో రేపటి జాతీయ క్రీడాకారుని పోల్చుకొనుట యెట్లు, పోల్చుకొన్నవానిని కన్ను మరల్పక గమనించుట యెట్లు అను ప్రశ్న ఆ దేశపు సాకర్ సమాఖ్యను దశాబ్దములుగా వేధించుచున్నది.

ఈ కళాశాలా మార్గము మొదటినుండి ఉన్నది కాదు. 1950లో బ్రెజిల్ దేశమున బెలో హొరిజోంతె నగరములో ఇంగ్లండును 1-0తో ఓడించి లోకమును విస్మయపరచిన అమెరికా జట్టులో ఐదుగురు సెయింట్ లూయిస్ నగరపు వలస కుటుంబముల పేటలలో ఆట నేర్చినవారు. వారికి విశ్వవిద్యాలయముతో పని పడలేదు. అయితే ఆ ఐదుగురిలో ఒకడైన హారీ కియో తరువాతి కాలమున సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయమునకు శిక్షకుడై ఐదు పర్యాయములు దానిని కళాశాలా విజేతగా నిలిపెను. 1959లో ప్రారంభమైన ఎన్.సి.ఎ.ఎ. పోటీలో మొదటి విజేతయు ఆ విశ్వవిద్యాలయమే. పేటలలోని ఆట విద్యాలయములలోనికి నడచివచ్చిన వైనము ఈ ఒక్క మనిషి జీవితములో కనబడును. మన దేశమున దీనికి సాటి లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమందిన భారత జట్టును తీర్చిదిద్దిన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమునకు మెరికలవంటి ఆటగాండ్రను అందించినది హైదరాబాదు నగర పోలీసు జట్టే గాని మన విశ్వవిద్యాలయములు కావు.

1985లో నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ మూతబడిన తరువాత, 1996లో మేజర్ లీగ్ సాకర్ ఆరంభమగు వరకు, ఆ దేశములో ఆరుబయటి ఆటకు పేరుకు దగిన అగ్రశ్రేణి వృత్తి లీగు లేకపోయినది. ఆ పదునొకండేండ్లు జాతీయ జట్టుకు కళాశాలయే దిక్కు. 1989లో సౌదీ అరేబియాలో జరిగిన ఇరువదేండ్లలోపువారి ప్రపంచ పోటీలో నాలుగవ స్థానము పొందిన జట్టుకు గోలు కాచిన కేసీ కెల్లర్ పోర్ట్‌లాండ్ విశ్వవిద్యాలయ విద్యార్థి. అదే సంవత్సరము నవంబరు 19న పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరములో గోలు కొట్టి, నలుబదేండ్ల తరువాత తన దేశమును వరల్డ్ కప్పునకు చేర్చిన పాల్ కాలిజ్యూరి, లాస్ ఏంజలెస్ నగరపు యు.సి.ఎల్.ఏ. 1985లో కళాశాలా విజేతయైనప్పటి జట్టులోనివాడు. మరుసటి సంవత్సరము ఇటలీలో ఆ జట్టు మూడు ఆటలును ఓడినదనుట నిజమే. ఓడినదని తెలిసియు, వృత్తి లీగు లేని దేశము విద్యార్థులతో అంతదూరము పోవుట సామాన్యమని నేననలేను.

ఆనాడు గమనించు పద్ధతియు ఆ కాలమునకు తగినట్లే ఉండెను. రాష్ట్రపు జట్టు, దానిపై నాలుగు ప్రాంతముల జట్లు, ఆపైన జాతీయ శిబిరము అను మెట్లతో ఒలింపిక్ అభివృద్ధి పథకమొకటి నడచినది. దానికి మించి పనిచేసినది శిక్షకుల పరస్పర పరిచయము. యువ జట్టు శిక్షకుడు పలుమారులు తానే ఒక విశ్వవిద్యాలయ శిక్షకుడై ఉండుటచేత, వారాంతములలో తన ప్రత్యర్థులుగా దిగిన బాలురనే వేసవి శిబిరమునకు పిలుచుకొనెడివాడు. ఈ పద్ధతిలో ఒక గుణమును ఒక దోషమును పెనవేసికొనియున్నవి: ఎదుటపడి ఆడినవానిని అతడు చక్కగా ఎరుగును, ఎదుటపడనివాడు అతనికి లేనట్లే.

ఇక 2003 సంవత్సరపు ఇరువదేండ్లలోపు జట్టును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఈ ప్రశ్న సారమంతయు ఆ ఒక్క జట్టులో ఇమిడియున్నదని నా అభిప్రాయము. ఇరాకు యుద్ధము వలన మార్చి నెల నుండి వాయిదాపడి ఆ యేడు నవంబరు, డిసెంబరు నెలలలో సంయుక్త అరబ్ ఎమిరేట్సులో జరిగిన ఆ పోటీకి అమెరికా పంపిన దళములో ఇద్దరుండిరి. ఒకడు ఫ్రెడ్డీ అడు, పదునాలుగేండ్ల బాలుడు, ఫ్లోరిడాలోని బ్రాడెంటన్‌లో సమాఖ్య నడుపుచుండిన ఆవాస శిక్షణాలయములో పెరిగినవాడు, ఆ దేశమున సాకర్ చూడనివారు సైతము పేరు విన్నవాడు. రెండవవాడు క్లింట్ డెంప్సీ. టెక్సస్ రాష్ట్రములోని నాకొడోచెస్ అను చిన్న పట్టణమువాడు. డల్లాసు నగరపు క్లబ్బులో ఆడుటకు గంటలకొలది ప్రయాణము చేసి, ఆ ఖర్చు భరింపలేక కుటుంబము మానిపింపగా తోడి ఆటగాండ్ర తల్లిదండ్రుల చేయూతతో తిరిగి ఆడి, దక్షిణ కరోలినాలోని ఫర్మన్ అను చిన్న విశ్వవిద్యాలయమున చేరినవాడు. 2004 జనవరిలో మేజర్ లీగ్ క్లబ్బులు కొత్త ఆటగాండ్రను వంతులవారీగా ఎంచుకొను డ్రాఫ్టులో అడు మొదటివాడుగాను, డెంప్సీ ఎనిమిదవవాడుగాను ఎన్నికైరి. అటుపిమ్మట అడు జాతీయ జట్టుకు 17 ఆటలాడి 2 గోలులు చేసెను. డెంప్సీ 141 ఆటలాడి 57 గోలులు చేసి, మూడు వరల్డ్ కప్పులలోను గోలు కొట్టి, లాండన్ డోనవన్‌తో సమానముగా ఆ దేశపు అత్యధిక గోలులవాడయ్యెను.

ఈ కథను పలువురు చెప్పినట్లు అడును ఎగతాళి చేయుటకు నేను చెప్పలేదు. పదునాలుగేండ్లవానిపై ఒక దేశము తన ఆశలనెల్ల మోపుట ఆ బాలుని నేరము కాదు. డెంప్సీ ఆ దళములోనికి వచ్చుట సమాఖ్య గమనికకు గెలుపనియు వాదింపవచ్చును. అయినను ఒకటి గుర్తింపవలెను: అడును కనిపెట్టుటకు ఎవరికిని శ్రమ లేకపోయినది, డెంప్సీవంటివానిని కనిపెట్టుటకే గమనించువారు కావలెను. తోటలో ముందుకాపు చెట్టును దారిన పోవువాడును చూపగలడు. వెనుకకాపు చెట్టును ఎరిగినవాడే తోటమాలి.

వెనుకకాపు ఎట్టివారిదో కూడ అనుభవము తేల్చి చెప్పినది. కెల్లర్, యు.సి.ఎల్.ఏ. నుండి వచ్చిన బ్రాడ్ ఫ్రీడెల్, వర్జీనియా నుండి టోనీ మియోలా, దక్షిణ కరోలినా నుండి బ్రాడ్ గుజాన్, ఫెయిర్‌ఫీల్డ్ నుండి మాట్ టర్నర్ అందరును గోలు కాచువారు. టిమ్ రీమ్, వాకర్ జిమ్మర్మన్, మైల్స్ రాబిన్సన్, ఆరన్ లాంగ్ అందరును నడిమి రక్షకులు. ఈ రెండు స్థానములలో దేహము పూర్తిగా ఎదిగి, తప్పులు చేసి చేసి నిదానము అలవడిన తరువాత గాని మనిషి తేలడు. కళాశాల ఇచ్చు నాలుగేండ్ల గడువు వీరికి వరము. మాట్ టర్నర్ యువ జాతీయ జట్లలో ఎన్నడును ఆడలేదు. 2016 డ్రాఫ్టులో అతనిని ఏ క్లబ్బును ఎంచుకొనలేదు. 2022లో ఖతారున అమెరికా ఆడిన నాలుగు ఆటలలోను గోలు కాచినది అతడే. అతని ముందర నిలిచిన టిమ్ రీమ్ సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయపువాడు, అప్పటికి ముప్పదియైదేండ్లవాడు. ఇక పాట్రిక్ అజమాంగ్ మూడవ శ్రేణిలోని ఈస్టర్న్ కనెక్టికట్ కళాశాలలో మొదలిడి, రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయమునకు మారి, 2023 డ్రాఫ్టు మీదుగా 2025 గోల్డ్ కప్పులో జాతీయ జట్టుకు ముందువరుస ఆటగాడయ్యెను. మూడవ శ్రేణి ఆటలను చూచుటకు సమాఖ్య పరిశీలకుడు ఎన్నడైన పోవునా యని అడిగినచో నవ్వువారే ఎక్కువ. నడిమివరుసలో ఆటను నడిపించు మేధావి మాత్రము కళాశాల నుండి వచ్చుట బహు అరుదు. వర్జీనియాలో ఆడిన క్లాడియో రేనా ఒక్కడు మినహాయింపు, అతడును పట్టము పుచ్చుకొనక మునుపే 1994లో జర్మనీకి తరలిపోయెను.

ఈ భేదమునకు కారణము కళాశాలా ఆటలోనే ఉన్నది. ఇరువది చిల్లర ఆటలను నాలుగు నెలలలోనికి కుదించుటచేత శుక్రవారమొకటి, ఆదివారమొకటి ఆడుట పరిపాటియైనది. అలసినవానిని తీసి మరియొకనిని దింపి, మొదటివానిని తిరిగి దింపుటకును ఆ నియమములలో చోటున్నది. అందువలన అందరును పరుగెత్తుచునే యుందురు. బంతిని పట్టి ఆటను నెమ్మదింపజేయు నేర్పు పెంపొందుటకు అవకాశము తక్కువ. పరిశీలకునికి దీనివలన కలుగు చిక్కు వేరొకటి: ఒక విద్యార్థి పండ్రెండు గోలులు చేసెననిన, ఏ కాన్ఫరెన్సులో, అనగా ఏ విద్యాసంస్థల కూటమిలో, ఎట్టి రక్షకులపై, అలసిన ఎన్నవ నిమిషమున చేసెనో తెలియక ఆ అంకెకు విలువ లేదు. పైగా పురుషుల శ్రేణిలో విదేశీయుల సంఖ్య విశేషముగా పెరిగినది. కరోనా కారణముగా 2021 వసంతమునకు జరిగిన పోటీలో ఇండియానాను అదనపు కాలమున ఓడించి విజేతయైన మార్షల్ విశ్వవిద్యాలయపు దళములో ఎక్కువమంది అన్యదేశీయులే. వారివలన ఆట ప్రమాణము హెచ్చినది. పదునెనిమిదేండ్ల అమెరికను విద్యార్థికి మైదానముమీద దొరకు నిమిషములు తగ్గినవి. ఈ రెండును ఏకకాలమున సత్యములే.

అసలు లోపము వయోగణితములో ఉన్నదని నా దృఢ విశ్వాసము. ఇరువదేండ్లలోపు వరల్డ్ కప్పు రెండేండ్లకొకమారు జరుగును. 2025లో చిలీ దేశమున జరిగినదానికి 2005 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారే అర్హులు. అనగా కళాశాలలో మూడవ సంవత్సరము దాటినవాడు యువ జట్టు దృష్టినుండి తప్పుకొనినట్లే. ఆపైన మిగులునది ఇరువదిమూడేండ్లలోపు ఒలింపిక్ జట్టు ఒక్కటి. అది నాలుగేండ్లకొక పర్యాయము కూడును. పురుషుల జట్టు 2008 తరువాత 2024 వరకు ఒలింపిక్సునకు అర్హతయే పొందలేదు. ఇరువది మొదలు ఇరువదిమూడు వరకు గల ఆ మూడేండ్లలోనే కళాశాలా విద్యార్థి తన సత్తువకు వచ్చును. ఆ మూడేండ్లలోనే చూచువాడు లేడు. దీనికి తోడు జనవరిలో పుట్టిన బాలుడు డిసెంబరులో పుట్టినవానికన్న ఇంచుమించు ఒక యేడు పెద్దవాడై, అదే జట్టుకు పోటీపడి, బలముచేత ముందుగా ఎన్నికగును. పదునాలుగేండ్లనాడు వ్రాసిన జాబితాలో లేని పేరు పదునెనిమిదేండ్లనాటి జాబితాలో చేరుట కష్టము, ఏలయన చూచుటకు వచ్చువాడు చేత పాత జాబితాతోనే వచ్చును.

సమాఖ్య ఊరకుండలేదు. 1997లో మేజర్ లీగుతో కలిసి ప్రాజెక్ట్-40 అను పథకమును నెలకొల్పి, చదువునకు కొంత ధనము కేటాయించి, ఎన్నికైన యువకులను కళాశాల కాలము ముగియకమునుపే వృత్తిలోనికి రప్పించినది. 1999లో బ్రాడెంటన్ ఆవాస శిక్షణాలయము తెరచిన సంవత్సరముననే న్యూజీలాండులో పదునేడేండ్లలోపు జట్టు నాలుగవ స్థానమందినది. డోనవన్ ఆ పోటీకి ఉత్తమ క్రీడాకారుడు, అతడు కళాశాల గడప తొక్కలేదు. 2007లో డెవలప్‌మెంట్ అకాడెమీ, 2008లో క్లబ్బులు తమ శిక్షణాలయపు బాలురను డ్రాఫ్టుతో పనిలేక తీసికొనగల నియమము, 2012లో పది నెలల క్రీడాకాలము పెట్టి ఉన్నత పాఠశాలా జట్లలో ఆడరాదను కట్టుబాటు, ఇట్లొక్కొకటే వచ్చినవి. 2017లో బ్రాడెంటన్ ఆవాసమును, 2020లో అకాడెమీని మూసివేసిరి. క్లబ్బులే ఆ భారమును తలకెత్తుకొన్నవి. వీని ఫలితముగా ఇరువదేండ్లలోపు పురుషుల జట్టులో విద్యార్థి యనువాడు నేడు అపురూపమైపోయెను. 2017లో కొరియాకు పోయిన జట్టుకు గోలు కాచిన జోనథన్ క్లిన్స్‌మన్ బర్క్‌లీ విద్యార్థి యనుట అప్పటికే వింతగా చెప్పుకొనదగిన వార్త.

ఆ జోనథన్ తండ్రి యూర్గన్ క్లిన్స్‌మన్ జాతీయ శిక్షకుడుగా ఉన్నప్పటి సంగతి ఒకటి ఇచట చెప్పదగును. 2014 వరల్డ్ కప్పునకు ముందు జాతీయ దళము స్టాన్‌ఫర్డ్‌లో శిబిరము వేసి, అచటి కళాశాలా జట్టుతో అభ్యాసపు ఆట ఆడినపుడు జోర్డన్ మోరిస్ అను విద్యార్థి శిక్షకుని దృష్టిలో పడెను. ఆ యేటి నవంబరులో అతనికి జాతీయ చొక్కా దక్కినది; 2015 ఏప్రిలులో మెక్సికోపై గోలు కొట్టినప్పటికి అతడింకను స్టాన్‌ఫర్డ్ తరగతులకు పోవుచుండెను; డిసెంబరులో కళాశాలా కప్పును గెలిచెను. శిబిరము మరియొక ఊర వేసియుండినచో ఏమయ్యెడిదో! మోరిస్ అప్పటికే సియాటిల్ క్లబ్బు శిక్షణాలయములో తెలిసినవాడే గనుక బొత్తిగా మరుగునపడిపోయెడివాడు కాడు. అయినను జాతీయ శిక్షకుడు కళాశాలా ఆటగానిని చూచుటకు ఇట్టి కాకతాళీయము కావలసివచ్చుట పద్ధతి అనిపించుకొనదు.

స్త్రీల విషయము వేరు. అచట విశ్వవిద్యాలయము ప్రక్కదారి కాదు, రాజమార్గము. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టము విద్యాసంస్థలలో స్త్రీలకు సమానావకాశములను విధించుటచేత, ప్రపంచములో మరెచటను లేనన్ని మైదానములు అమెరికా యువతులకు తెరచుకొన్నవి. ఉత్తర కరోలినా శిక్షకుడు ఆన్సన్ డోరన్స్ ఆ విశ్వవిద్యాలయ జట్టును, జాతీయ జట్టును ఏకకాలమున నడిపి 1991లో చైనాయందు మొట్టమొదటి స్త్రీల వరల్డ్ కప్పును గెలిచెను. యు.సి.ఎల్.ఏ.లో ఉన్న కాలముననే ఇరువదేండ్లలోపు జట్టును తీర్చిన జిల్ ఎల్లిస్ తరువాత రెండు వరల్డ్ కప్పుల విజేతయయ్యెను. 2002లో ఎడ్మంటన్ నగరమున 47 వేలకు పైబడిన జనము నడుమ, కెనడాపై అదనపు కాలమున గోలు కొట్టి మొదటి యువ వరల్డ్ కప్పును గెలిపించిన లిండ్సే టార్ప్లీ ఉత్తర కరోలినా విద్యార్థిని. 2008లో చిలీయందు ఫైనలులో గోలు చేసిన అలెక్స్ మోర్గన్ బర్క్‌లీ విద్యార్థిని. 2012లో జపానున జర్మనీపై ఏకైక గోలు చేసిన కీలియా ఓహై మరల ఉత్తర కరోలినా విద్యార్థిని. ఆ 2012 జట్టుకు శిక్షకుడగు స్టీవ్ స్వాన్సన్ వర్జీనియా విశ్వవిద్యాలయపు ఉద్యోగి. పోటీ ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పడుటచేత శిక్షకుడును శిష్యురాండ్రును తమ తమ విద్యాలయములను సీజను ఆరంభముననే విడిచిపోవలసివచ్చినది. 2016లో పాపువా న్యూగినీయందలి పోటీ సరిగా కళాశాలా ఛాంపియన్‌షిప్ సాగు దినములలోనే వచ్చినది. విద్యాలయమునకు వేతనమును ఉపకారవేతనమును బాకీపడినవారు ఇట్టి ఘర్షణలో ఎటు మొగ్గుదురన్నది గమనించువానికి ఎన్నికయందు ఎప్పుడును ఒక చిక్కుముడి.

ఆ రాజమార్గమును ఇప్పుడు బీటలు వారుచున్నది. 2012లో లిండ్సే హోరాన్ ఉత్తర కరోలినాను కాదని పదునెనిమిదేండ్లకే పారిసు క్లబ్బులో చేరెను. 2021లో ఒలీవియా మౌల్ట్రీ పదునైదేండ్లకే న్యాయస్థానమునకు పోయి స్త్రీల వృత్తి లీగు తలుపు తెరపించెను. 2024లో ఆ లీగు డ్రాఫ్టునే రద్దుచేసినది. ఇరువదేండ్లలోపు స్త్రీల జట్టు 2018లోను, 2022లోను గుంపు దశలోనే ఇంటిదారి పట్టి, 2024లో మూడవ స్థానమునకు కోలుకొనినది. ఈ పతనమునకు కళాశాలయే కారణమనువారున్నారు, నేనొప్పుకొనను. 2018లో విఫలమైన ఆ జట్టులో స్టాన్‌ఫర్డునకు పోవుచుండిన సోఫియా స్మిత్ ఉండెను. ఆరేండ్ల తరువాత పారిసు ఒలింపిక్సులో క్వార్టర్ ఫైనలున జపానుపై గెలుపు గోలు ట్రినిటీ రాడ్‌మన్‌ది, సెమీఫైనలున జర్మనీపై గెలుపు గోలు సోఫియా స్మిత్‌ది, ఫైనలున బ్రెజిలుపై గెలుపు గోలు మాలరీ స్వాన్సన్‌ది. మొదటియామె వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు మాట ఇచ్చియు కరోనా కాలమున అచట ఒక్క ఆటయు ఆడకయే వృత్తిలోనికి పోయినది, రెండవయామె స్టాన్‌ఫర్డులో రెండేండ్లు ఆడి ఒక కళాశాలా కప్పు గెలిచినది, మూడవయామె యు.సి.ఎల్.ఏ.లో చేరి ఒక్క అధికారిక ఆటయైన ఆడక వెడలిపోయినది. మూడు త్రోవలును ఒకే పతకమునకు చేరినవి. త్రోవను బట్టి ఆటగత్తెను తీర్పు తీర్చువారు ఈ మూడు ఆటలను మరల చూచుట మంచిది.

డబ్బు సంగతి పైపైన చెప్పి విడువరాదు గాని చెప్పవలసినది కొంచెమే. పురుషుల జట్టుకంతకు చిరకాలము 9.9 ఉపకారవేతనములే అనుమతి; వానిని ఇరువదిమందికి పైగా పంచుకొనవలసియుండెను. 2025 న్యాయస్థాన ఒప్పందముతో ఆ హద్దు పోయి, ఒప్పుకొన్న విద్యాలయములలో 28 మంది దళపరిమితి వచ్చినది. కళాశాల కంటబడుటకు ముందు క్లబ్బు రుసుములును, దూరపు పోటీల ప్రయాణపు ఖర్చులును చెల్లింపగల ఇంటివాడై ఉండవలెను. డెంప్సీ కథలోని ఆ చేయూత అందని డెంప్సీలు ఎందరో ఎవరికి తెలియును? ఆ దేశమున స్థిరపడి పిల్లలను వారాంతపు మైదానములకు మోయుచున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ ఖర్చుల రుచి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ప్రతి కళాశాలా ఆటయు దృశ్యరూపమున దొరకుచున్నది. పరుగులను, పాసులను లెక్కగట్టు యంత్రసాధనములున్నవి. చూచుటకు సాధనములు లేవను సాకు ఇక చెల్లదు. లేనిది, ఒకమారు కాదన్నవానిని రెండేండ్లకు మరల చూడవలెనను క్రమశిక్షణ. ఒలింపిక్ అర్హత వచ్చినను రాకున్నను ఇరువదిమూడేండ్లలోపువారి శిబిరమును ఏటేట డిసెంబరులో, కళాశాలా కాలము ముగిసినవెంటనే, ఏ పాత జాబితాతోను పనిలేక నడుపుట సమాఖ్యకు భారము కాదు. గోలు కాచువారికిని నడిమి రక్షకులకును అందులో ప్రత్యేక స్థానమియ్యవలెను. ఆటల క్రమమును శరత్తు, వసంతములకు పంచి ఏడాది పొడుగున ఆడింపవలెనని మేరీలాండ్ శిక్షకుడు సాషో చిరోవ్‌స్కీ ఏండ్ల తరబడి కోరుచుండెను. 2025లో సమాఖ్య నియమించిన సంఘమును పురుషుల ఆట విషయమున అదే సలహా ఇచ్చినది. ఆ మార్పు మేలైనదే. కాని ఇరువదియొకటవ యేట నిలబడి చూచు కన్ను లేనిచో, ఎనిమిది నెలల ఆటయైనను నాలుగు నెలల ఆటవలెనే గమనింపబడక పోవును.